వాన రాకముందే విత్తడం ఎలా? వర్షాధార చేలలో నవధాన్యాల సాగు

"తొలకరి ఆలస్యమైంది, చేను ఖాళీగా ఉంది, ఇప్పుడేం చేయాలి?" జూన్ చివరికి వచ్చేసరికి రాయలసీమ, పాలమూరు రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జూన్‌లో చెప్పే జవాబు సగమే పనికొస్తుంది. మిగతా సగం ఏప్రిల్‌లో మొదలు కావాలి. ఆ సగం గురించే ఇక్కడ రాస్తున్నాను.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. తక్కువే, కానీ అసలు కష్టం అది ఎప్పుడు పడుతుందన్న దగ్గర ఉంది. మేలో ఒక గాలివాన పడి బోడి నేల మీద జారిపోతుంది. జూలైలో విత్తనం పడ్డాక ఇరవై రోజులు చినుకు ఉండదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు బెట్ట వస్తుంది. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. ఆ నెల మీ చేను ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది.

వాన మన చేతిలో లేదు. పడిన వానను చేనులో ఆపుకోవడం కొంత మన చేతిలో ఉంది. అందుకు ఒక మార్గం వేసవిలోనే రకరకాల విత్తనాలను పొడి నేలలో వేసి ఉంచడం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో 2018 నుంచి ఈ పద్ధతి అనంతపురంలో మొదలై ఇతర జిల్లాలకు పాకింది. సిబ్బంది దీన్ని పీఎండీఎస్ (ప్రీ మాన్‌సూన్ డ్రై సోయింగ్, అంటే వానలకు ముందు పొడి నేలలో విత్తడం) అంటారు. రైతులు "నవధాన్యాలు చల్లడం" అంటారు. పేరుకు నవధాన్యాలే గాని, వేసేవి ఇరవై రకాల దాకా ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది ప్రధాన పంటకు బదులు కాదు, ప్రధాన పంటకు ముందు నేలకు వేసే దుప్పటి. దీనితోనే అప్పు తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి ఏడాది పది సెంట్లలో చేయండి, ఎకరం జోలికి పోవద్దు.

కావలసినవి (ఎకరాకు)

విత్తనాలు మొత్తం 12 కిలోలు. ఎర్ర నేలకు నేను సూచించే కూర్పు ఇది:

- పప్పుధాన్యాలు 5 కిలోలు: అలసంద ఒకటిన్నర, ఉలవ ఒకటిన్నర, పెసర ఒకటి, అనుము ఒకటి
- పచ్చిరొట్ట 3 కిలోలు: జనుము రెండు, పిల్లిపెసర ఒకటి
- తృణధాన్యాలు 2 కిలోలు: సజ్జ 750 గ్రాములు, జొన్న 750, కొర్ర 500
- నూనెగింజలు 1 కిలో: ఆముదం 750 గ్రాములు, నువ్వులు 250
- కూరగాయలు, ఆకుకూరలు, పూలు కలిపి 1 కిలో: గోరుచిక్కుడు 400 గ్రాములు, బెండ 200, గోంగూర 200, ధనియాలు 100, తోటకూర 50, బంతి 50

ఈ లెక్కను అక్షరాలా పాటించనవసరం లేదు. ఇంట్లో ఉన్నవి, పక్కింటివారు ఇచ్చేవి ముందు వాడండి. అయితే పప్పుజాతి సగానికి దగ్గరగా ఉండాలి. పాకేది, నిటారుగా పెరిగేది, లోతుకు వేరు దించేది, మూడు రకాలూ అందులో ఉండాలి.

వీటితో పాటు ఘన జీవామృతం 400 కిలోలు, బీజామృతం, జల్లించిన చెరువు మట్టి లేదా పుట్టమన్ను, పొయ్యి బూడిద, ఒక టార్పాలిన్ పట్టా, జల్లెడ కావాలి. నేల మీద కప్పడానికి వేరుశనగ పొట్టు, కంది కట్టె, ఎండుగడ్డి, ఏది దొరికితే అది. పది సెంట్లకైతే అన్నీ పదో వంతు: విత్తనాలు కిలో రెండు వందల గ్రాములు, ఘన జీవామృతం 40 కిలోలు.

ఘన జీవామృతం చేసుకోవడం తెలియనివారికి: 100 కిలోల ఆవుపేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు, కలపడానికి సరిపడా ఆవు మూత్రం. బాగా కలిపి నీడలో ఆరబెట్టి, ఉండలు కొట్టి పొడి చేయాలి. ఇది ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టండి. పశువులు లేని ఇంటికి ఇదే పెద్ద అడ్డంకి. అలాంటివారు బాగా మాగిన పశువుల ఎరువును పొడి చేసి వాడవచ్చు. పచ్చి పేడ మాత్రం వద్దు, విత్తనం దగ్గర వేడి పుట్టి మొలకను చంపుతుంది.

1. మొలక పరీక్ష చేయండి

అంగడిలో తిండికి కొన్న గింజలు వేసి, మొలవలేదని బాధపడేవారు చాలామంది. బద్దలు చేసిన పప్పు మొలవదు. కొర్ర బియ్యం మొలవదు, పొట్టు ఉన్న కొర్రలే కావాలి. పురుగు పట్టినవి, రెండేళ్లు దాటినవి అనుమానమే.

ఒక్కో రకం నుంచి 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో పరిచి చుట్టండి. రోజూ కాస్త తడుపుతూ ఉంటే అయిదారు రోజుల్లో తేలిపోతుంది. 70కి పైగా మొలిస్తే నిశ్చింతగా వాడండి. 50 దగ్గర ఉంటే ఆ రకం మోతాదు పెంచండి. 30 కూడా రాకపోతే పక్కన పెట్టండి.

ధనియాలను చెప్పుతోగాని చెక్కతోగాని నలిపి రెండు బద్దలు చేయాలి. గుండుగా వేస్తే మొలక ఆలస్యమవుతుంది.

హెచ్చరిక: కంపెనీ విత్తనాలకు ఎరుపు, ఆకుపచ్చ రంగులో మందు పట్టించి ఉంటుంది. మిగిలిన వాటిని కోళ్లకు, పశువులకు వేయకండి, వంటింట్లో పెట్టకండి.

2. బీజామృతం కలపండి

20 లీటర్ల నీటిలో 5 కిలోల ఆవుపేడను పలచటి గుడ్డలో మూటగట్టి సాయంత్రం వేలాడదీయండి. వేరే గిన్నెలో 50 గ్రాముల సున్నాన్ని నీళ్లలో నానబెట్టండి. ఉదయం మూటను పిండి, 5 లీటర్ల ఆవు మూత్రం, సున్నపు తేట, గుప్పెడు మట్టి కలపండి. ఎకరం విత్తనాలకు ఇందులో కొద్ది భాగమే ఖర్చవుతుంది, కాబట్టి నలుగురు కలిసి చేసుకోవడం మేలు.

3. గుళికలు కట్టండి

మొత్తం పనిలో ఇదే కీలకం. తొందరపడితే ఇక్కడే చెడుతుంది.

మేలో అయిదారు మిల్లీమీటర్ల జల్లు పడుతుంది. వట్టి గింజ ఆ తడికే మొలుస్తుంది, మర్నాటి ఎండకు మాడిపోతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, మొలక ఎంత! గింజ చుట్టూ మట్టి పొరలు ఉంటే చిన్న జల్లు పై పొరలోనే ఆగిపోతుంది, గట్టి వానకే గింజ దాకా తడి చేరుతుంది. చీమలు, పక్షులు కూడా అంత త్వరగా కనిపెట్టలేవు.

విత్తనాలను సైజును బట్టి మూడు కుప్పలు చేయండి. అలసంద, ఆముదం ఒకటి. పెసర, జొన్న, జనుము ఒకటి. నువ్వులు, కొర్ర, తోటకూర ఒకటి. ఒక్కో కుప్పను పట్టా మీద పలచగా పరిచి బీజామృతం చిలకరించండి. గింజ మెరిసేంత తడి చాలు, కారకూడదు. పైన జల్లించిన మట్టి చల్లి, పట్టా నాలుగు మూలలూ ఎత్తి అటూ ఇటూ దొర్లించండి. మళ్లీ చిలకరింపు, ఈసారి ఘన జీవామృతం పొడి. మళ్లీ చిలకరింపు, బూడిద. చివర మరోసారి మట్టి. గింజ రంగు కనిపించకుండా పోయేదాకా పొరలు వేయండి. సన్న గింజలు రెండు మూడు కలిసి ఒకే ఉండ అయినా నష్టం లేదు.

పెసర, మినుము లాంటి వాటిని అరచేతులతో రుద్దకండి. పైతోలు లేచిపోతే ఆ గింజ పోయినట్టే. దొర్లించడమే సరైన పద్ధతి.

నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పొర పగుళ్లు తీస్తుంది. ఆరిన గుళికను నడుమెత్తు నుంచి నేల మీద వేసి చూడండి, పొడి కాకూడదు. తర్వాత ఒకదాన్ని గ్లాసు నీళ్లలో వేయండి, కొద్ది నిమిషాల్లో మట్టి విడిపోవాలి. పడేసినప్పుడే పొడి అయితే తడి చాలలేదు, మరో పొర వేయండి. నీళ్లలో రాయిలా ఉండిపోతే బంకమట్టి ఎక్కువైంది, తర్వాతి విడతలో మట్టి తగ్గించి బూడిద పెంచండి.

గుళికలు కట్టే తీరిక లేదని కొందరు అంటారు. అలాంటప్పుడు వట్టి విత్తనాన్ని పొడి నేలలో వేయకండి. దానికి బీజామృతం పట్టించి, మంచి వాన పడి పదును కుదిరాక చల్లండి. పది రోజులు నష్టపోతారు, విత్తనం మాత్రం దక్కుతుంది.

4. ఊరివారితో మాట్లాడండి

ఇది వ్యవసాయపు పని కాదనుకోవద్దు. వేసవిలో పశువులను, మేకలను చేల మీదికి వదిలేయడం మన ఊళ్ల అలవాటు. చుట్టూ ఎండిన నేలలో మీ చేను ఒక్కటే పచ్చగా ఉంటే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. పక్క చేల వారితో, గొర్రెల కాపరులతో ముందే మాట్లాడండి. నలుగురైదుగురు పక్కపక్క చేలలో వేస్తే కాపలా తేలిక. లేదంటే ఇంటికి దగ్గరి చేను ఎంచుకోండి.

కౌలు రైతులది మరో చిక్కు. కౌలు ఉగాదికి ఖాయమైతే వేసవి పనికి వీలుంటుంది, జూన్‌లో తేలితే ఉండదు. ఒప్పందం వేళ ఈ విషయం కూడా మాట్లాడుకోవాలి. రెండో ఏడు ఆ భూమి మీ చేతిలో ఉంటుందన్న భరోసా లేనప్పుడు మీ పేడ, మీ శ్రమ అక్కడ ఎంత పెట్టాలో మీరే తేల్చుకోండి. ఆ సందేహం న్యాయమైనదే.

5. విత్తండి

ఎప్పుడు? ఏప్రిల్ చివరి నుంచి మే చివరిలోగా, అంటే భరణి, కృత్తిక కార్తెల్లో. తర్వాత వేయబోయే ప్రధాన పంట నుంచి వెనక్కి లెక్క కట్టండి. జూలై మొదట్లో వేరుశనగ వేయాలనుకుంటే ఈ పైరుకు 45 నుంచి 60 రోజులు దొరకాలి.

నేలను లోతుగా దున్నవద్దు. వాలుకు అడ్డంగా ఒకసారి గుంటక తోలితే చాలు. ఘన జీవామృతం చల్లండి. గుళికలను రెండు భాగాలు చేసి ఒకటి తూర్పు పడమరగా, ఇంకొకటి ఉత్తర దక్షిణంగా చల్లండి. ఒకే దిక్కున చల్లితే చారలు చారలుగా మొలుస్తుంది. సన్న గింజల గుళికలను ఇసుకలో కలిపి చివర చల్లండి. తర్వాత ముళ్లకంప మీద కాస్త బరువు పెట్టి చేనంతా లాగండి. గింజ రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుకు పోకూడదు.

పైన ఆచ్ఛాదన పరచండి. పరిచాక కింద నేల అక్కడక్కడ కనిపిస్తూ ఉండాలి. మరీ మందంగా కప్పితే నువ్వులు, తోటకూర పైకి రాలేవు. చెదలు ఎక్కువగా ఉన్న చేనైతే కట్టెలు, మోళ్లు వాడకుండా పొట్టు, ఆకులు వాడండి.

6. వానను కొలవండి

చేనులో ఒక నిటారు గోడల డబ్బా పెట్టి, పడిన నీటి ఎత్తును స్కేలుతో కొలవండి. మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా కావాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు నాలుగు వేల లీటర్లు. 20 మిల్లీమీటర్లు పడితే ఎనభై వేల లీటర్లు మీ చేను మీదికి వచ్చినట్టు. ఈ లెక్క ఒకసారి మనసుకు ఎక్కితే, గట్టు తెగి నీరు బయటికి పోతుంటే చూస్తూ ఊరుకోలేరు.

భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వ్యవసాయ సూచనలు ఇస్తుంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులో చూడవచ్చు. వేసవి గాలివానలతో పిడుగులు కూడా వస్తాయి. మబ్బు కమ్ముకున్నప్పుడు గుళికలు మిగిలిపోయాయని చేనులో ఉండకండి, చెట్టు కింద నిలబడకండి, ఇంటికి వెళ్లిపోండి. దామిని యాప్ పిడుగుల గురించి ముందుగా హెచ్చరిస్తుంది.

7. మొలకను లెక్కపెట్టండి

మంచి వాన పడ్డాక వారం, పది రోజులు ఆగి, చేనులో అయిదు చోట్ల మీటరు పొడవు, మీటరు వెడల్పు గీసి మొక్కలు లెక్కించండి. సగటున 50 దాటితే బాగుంది. 20కి తగ్గితే ఖాళీల్లో అలసంద, ఉలవ మళ్లీ వేయండి. మొక్కల సంఖ్య ఒక్కటే చూడకండి, ఎన్ని రకాలు మొలిచాయో కూడా రాసుకోండి. వచ్చే ఏటికి మీ నేలకు నప్పే కూర్పు ఏదో ఆ చిట్టానే చెబుతుంది.

నెల దాటినా వాన పడకపోతే? కంగారుపడకండి. పది గుళికలు తవ్వి తీసి మట్టి విడదీయండి. గింజ గట్టిగా, మొదటి రంగులోనే ఉంటే బతికే ఉంది. అనుమానముంటే ఆ పదింటినీ ఇంట్లో తడి గుడ్డలో మొలకెత్తించి చూడండి. గింజ బూజు పట్టినా, మొలకెత్తి ఎండిపోయి కనిపించినా ఆ విడత పోయినట్టే. మళ్లీ పొడిలో వేయకుండా జూన్ వానకు పదును చూసి వేయండి.

మొలిచాక బెట్ట వస్తే, పది లీటర్లకు ఒక లీటరు చొప్పున వడకట్టిన ద్రవ జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లలో కలిపి పులియబెట్టినది) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయవచ్చు. మధ్యాహ్నం చేయకండి. అలసంద, ఉలవ ఆకులు మధ్యాహ్నం వాలిపోయి ఉదయానికి లేస్తుంటే భయం లేదు. ఉదయం కూడా వాలి ఉంటేనే నీరు చాలడం లేదని అర్థం.

8. పశువులను తోలే ముందు ఇది చదవండి

పైరు మోకాలెత్తు వచ్చాక మేతకు వాడాలనిపిస్తుంది. వాడండి, కానీ జొన్న విషయంలో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చే పిలకల్లో సైనైడు విషం ఉంటుంది. పాతవారు దీన్నే నాము అంటారు. నాము తిన్న పశువు కొద్దిసేపట్లోనే పడిపోవచ్చు. జొన్న పూతకు వచ్చేదాకా మేపకండి. బెట్టలో ఉన్న చేను మీదికి అసలే తోలకండి. తిన్న పశువు నురగ కక్కుతూ, ఆయాసపడుతూ కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలం గడపకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఆముదం గింజలు, ఆకులు కూడా పశువులకు మంచివి కావు. మేత కోసమే ఈ పైరు వేస్తున్నవారు జొన్న, ఆముదం రెండూ మానేసి సజ్జ, అలసంద, పిల్లిపెసర పెంచుకోండి.

ఇంటికి వాడుకునేవి మొదట తోటకూర, గోంగూర. నెల లోపలే కోతకు వస్తాయి. పెసర కాయ రెండు నెలలకు అందుతుంది. వేసవి చివర కూరగాయల ధర మండిపోయే రోజుల్లో చేనులో నాలుగు కట్టల ఆకుకూర ఉండడం చిన్న విషయం కాదు.

9. ప్రధాన పంటకు దారి ఇవ్వండి

పైరులో ఎక్కువ భాగం పూతకు రాగానే కోసేయండి. ఇంకాస్త పెరగనిద్దాం అనుకోవడం అతి సాధారణమైన తప్పు. ముదిరిన సజ్జ, జొన్న కాడలను కలియదున్నితే అవి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, తర్వాత వేసిన పంట పసుపు పచ్చబడుతుంది. పైగా గింజ రాలి కలుపై లేస్తుంది.

మూడు మార్గాలున్నాయి. మొదటిది, నేల మట్టానికి కోసి అక్కడే పరిచి, సాళ్లు మాత్రం తీసి విత్తడం. వేర్లు నేలలోనే కుళ్లి నీరు దిగే దారులవుతాయి. శ్రమ ఎక్కువైనా బెట్టను తట్టుకోవడానికి నాకు నచ్చినది ఇదే. రెండోది, కలియదున్ని పది పదిహేను రోజులు ఆగి విత్తడం. ఆగకుండా వెంటనే విత్తితే మొలక కుళ్లుతుంది. మూడోది, గొర్రెల మంద కట్టించడం. పైరు మేతవుతుంది, ఎరువు నేలకు దక్కుతుంది. కాకపోతే పైన చెప్పిన జొన్న జాగ్రత్త ఇక్కడా తప్పదు.

వానలు మరీ ఆలస్యమై వేరుశనగ అదను దాటిపోతే ఉన్న పైరును తీసేయకండి. అందులోని ఉలవ, అలసంద, అనుములను పంటగా ఉంచుకోవచ్చు. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) జిల్లాలవారీగా ఆకస్మిక పంటల ప్రణాళికలు తయారుచేసింది. మీ జిల్లాకు ఏముందో వ్యవసాయాధికారిని అడగండి.

చీనీ, మామిడి తోటలున్నవారు ఇదే కూర్పును చెట్ల వరుసల మధ్య వేయవచ్చు. పాదుల్లోకి పాకే తీగలు మాత్రం తగ్గించండి. నల్లరేగడిలో నీరు నిలిచే చోట నువ్వులు, పెసర మానేసి జీలుగ వేయండి.

10. ఫలితం ఉందో లేదో తేల్చుకోండి

నవధాన్యాలు వేసిన పది సెంట్లను, వేయని చోటును పోల్చకపోతే ఈ శ్రమ దేనికి పనికొచ్చిందో తెలియదు. రెండు పరీక్షలు చాలు.

అడుగు లేని డబ్బాను రెండు చోట్లా నేలలోకి రెండంగుళాలు దింపి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. రెండు చోట్లా ఒకే రోజు చేయాలి. మొన్న వాన పడిన చోట, నిన్న ఎండిన చోట చేస్తే పోలిక కుదరదు.

రెండోది, ప్రధాన పంటలో బెట్ట వచ్చినప్పుడు రోజూ ఉదయం వెళ్లి ఏ భాగం ముందు వాడుతుందో చూడండి. వాడిన తేదీ రాయండి. వేలు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద అయితే తడి ఉంది, జారిపోతే లేదు.

మొదటి ఏడు తేడా ఏమీ కనిపించకపోవచ్చు. ముఖ్యంగా ఏళ్ల తరబడి ఎరువు పడని గరప నేలల్లో ఇది మామూలే. అలాంటప్పుడు విస్తీర్ణం పెంచకుండా అదే పది సెంట్లలో రెండో ఏడు కూడా వేయండి.

పైరు కోసేటప్పుడు ఒక మూల రెండు సెంట్లు కోయకుండా వదలండి. అక్కడ ముదిరిన గింజలను రకాలవారీగా తీసి, బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, ఎండిన వేపాకుతో కుండల్లో దాచండి. కుండ మీద రకం పేరు, నెల, ఏడాది రాయండి. వచ్చే ఏప్రిల్‌లో మొదటి పని మళ్లీ మొలక పరీక్షే.